అమెరికా పశువైద్య సంఘం: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో పశువైద్యం చదివి, కొన్నేళ్ళు సీమ పల్లెల్లో పనిచేసి, ఆ తర్వాత అమెరికా వచ్చినవాణ్ణి. ఇక్కడి పశువైద్యుల సంఘం గురించి జూనియర్లు అడుగుతుంటారు, వాళ్ళ తల్లిదండ్రులు అడుగుతుంటారు, పాడి పెట్టుకున్న మా బంధువులూ అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. సంఘం పూర్తి పేరు అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్. అందరూ ఏవీఎంఏ అంటారు.

ఏవీఎంఏ ప్రభుత్వ సంస్థా? లైసెన్సు ఇచ్చేది వాళ్ళేనా?

రెండూ కాదు. పశువైద్యులు ఇష్టపడి చేరే సంఘం ఇది. చేరకపోయినా వైద్యం చేసుకోవచ్చు. లైసెన్సు ఇచ్చేదీ, తప్పు చేస్తే రద్దు చేసేదీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో ఉండే బోర్డు. సంఘం ప్రధాన కార్యాలయం షికాగో దగ్గర షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉంది. సభ్యులు లక్ష పైమాటే.

మనవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. రిజిస్ట్రేషన్ చూసే కౌన్సిల్ ఒకటి, వృత్తి బాగోగులు చూసే సంఘం ఒకటి, జీతాలూ బదిలీల కోసం కొట్లాడే ఉద్యోగుల సంఘం ఒకటి. మూడూ వేరు. కానీ మాటల్లో అన్నిటినీ కలిపి ‘అసోసియేషన్’ అనేస్తాం. ఇక్కడ నేను చెప్పబోయేది రెండోదాని గురించి.

ఎప్పుడు పుట్టింది? ఎవరు పెట్టారు?

1863 జూన్ 9న, న్యూయార్కులోని ఆస్టర్ హౌస్ అనే హోటల్లో. ఏడు రాష్ట్రాల నుంచి 40 మంది వచ్చారు. బోస్టన్‌కు చెందిన జోసయా స్టిక్నీని తొలి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అప్పటి పేరు యునైటెడ్ స్టేట్స్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్. ఆ శతాబ్దం ముగిసేలోపే ఇప్పటి పేరులోకి మారింది.

ఆ తేదీని మరోసారి చూడండి. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. మరో మూడు వారాలకు గెటిస్‌బర్గ్ దగ్గర ఘోర యుద్ధం జరగబోతోంది. ఫిరంగులు లాగేవి గుర్రాలు, తిండి బళ్ళు లాగేవి కంచరగాడిదలు. అవి లక్షల్లో చచ్చిపోతున్నాయి. తూటాలకన్నా ఆకలి, అలసట, అంటురోగాలే ఎక్కువగా చంపుతున్నాయి. వాటిని చూడటానికి చదువుకున్న వైద్యులు దేశం మొత్తం వెతికినా పిడికెడు మంది. ఫ్రాన్సులోని లియోన్‌లో పశువైద్య పాఠశాలకు 1761లోనే అనుమతి వచ్చింది. అంటే వందేళ్ళ తర్వాత కూడా అమెరికాలో ఆ చదువు వేళ్ళూనుకోలేదు.

మరి వైద్యం ఎవరు చేసేవారు? లాడాలు కొట్టే కమ్మరి, గుర్రాల బేరగాడు, ‘నాకు తెలుసు’ అనే ధైర్యం ఉన్న ఎవరైనా. రక్తం తీయడం, కాల్చిన ఇనుముతో కాళ్ళ మీద వాతలు పెట్టడం అప్పటి చికిత్స. ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. కదిరి వైపు ఒక ఊళ్ళో జబ్బవాపు వచ్చిన ఎద్దుకు భుజం మీద మూడు వరసల వాతలు పెట్టి, అవి పుండ్లయ్యాక నన్ను పిలిచారు. ఆ ఎద్దు కళ్ళు ఇంకా గుర్తున్నాయి. ఆస్టర్ హౌస్‌లో కూర్చున్న ఆ 40 మంది పోరు దేనిమీదో నాకు పుస్తకం చదవకముందే తెలుసనిపించింది.

ఇంకో చిన్న ముచ్చట. అదే ఏడాది వేసవిలో జాన్ గామ్‌జీ అనే పశువైద్యుడు జర్మనీలోని హాంబర్గ్‌లో దేశదేశాల పశువైద్యులను తొలిసారి ఒకచోట కూర్చోబెట్టాడు. నేటి ప్రపంచ పశువైద్య సంఘం తన మూలం అక్కడే ఉందని చెప్పుకుంటుంది.

సంఘం పెట్టగానే జనం గౌరవించారా?

లేదు. గౌరవం తీర్మానాలతో రాదు గదా. తొలి పాతికేళ్ళు ఈ సంఘం చాలా చిన్నది, ఈశాన్య రాష్ట్రాలకే పరిమితం.

1872లో వచ్చిన గుర్రాల జ్వరం మాత్రం జనం కళ్ళు తెరిపించింది. కెనడాలో టొరంటో పరిసరాల్లో మొదలైన ఈ అంటువ్యాధి కొద్ది నెలల్లోనే ఖండమంతా పాకింది. చచ్చినవి తక్కువే, కానీ దాదాపు ప్రతి గుర్రమూ మంచాన పడ్డట్టే అయింది. ట్రాములు ఆగాయి. ఓడల్లోంచి దిగిన సరుకు రేవుల్లోనే మిగిలింది. కొన్ని ఊళ్ళలో మనుషులే బళ్ళు లాగారు. ఆ నవంబరులో బోస్టన్ నగరం మధ్యభాగం తగలబడుతుంటే నీటి ఇంజన్లను లాగడానికి గుర్రాల్లేక అగ్నిమాపక సిబ్బంది తామే తాళ్ళు భుజాన వేసుకుని లాక్కెళ్ళారు. గుర్రానికి జబ్బు చేస్తే నగరం ఆగిపోతుందని అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత 1877లో అలెగ్జాండర్ లియోటార్డ్ సంపాదకుడిగా ‘అమెరికన్ వెటర్నరీ రివ్యూ’ అనే పత్రిక మొదలైంది. ఆయన ఫ్రాన్సులో పుట్టినవాడు. మొండివాడు. న్యూయార్కులో సొంతంగా కళాశాల కూడా నడిపాడు. సంఘానికి డబ్బుల్లేని రోజుల్లో ఆ పత్రికను ఆయనే భుజాన మోశాడు. 1915లో అది సంఘం సొంత పత్రికగా మారి నేటికీ వస్తోంది. నన్నడిగితే ఈ సంఘాన్ని నిలబెట్టింది ఏటేటా జరిగే సమావేశాల కన్నా ఆ పత్రికే. టెక్సాస్‌లో ఒక వైద్యుడు చూసిన కేసు మెయిన్ రాష్ట్రంలో ఉన్నవాడికి తెలిసే దారి అదొక్కటే అప్పట్లో.

ప్రభుత్వం ఎప్పుడు పట్టించుకుంది?

ఎగుమతులు దెబ్బతిన్నప్పుడు. అన్ని దేశాల్లోనూ అంతే.

అమెరికా పశువుల్లో ఊపిరితిత్తుల అంటువ్యాధి ఉందని 1879లో బ్రిటన్ దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. ఓడల్లో వెళ్ళిన పశువులను రేవులోనే కోసేయాలని నిబంధన. పశువుల వ్యాపారులు లబోదిబోమన్నారు. వాషింగ్టన్‌లో కదలిక వచ్చింది. 1884లో పశుసంవర్ధక బ్యూరో ఏర్పడింది. దాని తొలి అధిపతి డేనియల్ సామన్. అమెరికాలో పశువైద్యంలో డాక్టరు పట్టా (డీవీఎం) మొదట అందుకున్నది ఈయనే, 1876లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి. తర్వాత ఏవీఎంఏకు అధ్యక్షుడూ అయ్యాడు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవికి ఆ పేరు సామన్ చేప నుంచి వచ్చిందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేపకూ దానికీ సంబంధం లేదు. అది ఈయన ఇంటిపేరు. నిజానికి దాన్ని కనిపెట్టే పని ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్‌ది. పేరు పై అధికారికి దక్కింది. ఈ సంప్రదాయం ఒక్క మన ఆఫీసుల్లోనే ఉందనుకోకండి.

ఎనిమిదేళ్ళలో, అంటే 1892కల్లా, ఆ ఊపిరితిత్తుల వ్యాధి అమెరికాలో లేకుండా పోయింది. మందుతో కాదు. జబ్బు పశువును గుర్తించడం, కదలికలు ఆపడం, వధించడం, రైతుకు పరిహారం చెల్లించడం. మరుసటి ఏడాదే స్మిత్, ఆయన సహోద్యోగి కిల్‌బోర్న్ కలిసి టెక్సాస్ జ్వరాన్ని పశువు నుంచి పశువుకు చేర్చేది పిడుదు అని రుజువు చేశారు. మన పల్లెల్లో బబీసియా వచ్చిన ఆవు మూత్రం కాఫీ రంగులో పోస్తుంది, అది ఈ కుటుంబంలోని జబ్బే. రోగాన్ని ఒక పురుగు మోసుకెళ్తుందని చెబితే అప్పట్లో పెద్దపెద్దవాళ్ళే నమ్మలేదు. నాలుగేళ్ళ తర్వాత, 1897లో, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. పిడుదు ముందు, దోమ తర్వాత. ఈ వరస మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

సైన్యంలో పశువైద్యులకు అధికారి హోదా కోసం సంఘం దశాబ్దాలపాటు తిరిగింది. 1916లో పశువైద్య దళం ఏర్పడ్డాక అది దక్కింది.

మోటారు కార్లు వచ్చాక పశువైద్యుల గతి ఏమైంది?

దివాలా తీశారు, కొంతకాలం. గుర్రాల మీదే బతికిన వృత్తి అది. నగరాల్లోని ప్రైవేటు కళాశాలలు 1920ల్లో ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిగిలినవాళ్ళు పాడి పశువులు, పందులు, కోళ్ళ వైపు మళ్ళారు. కుక్కనూ పిల్లినీ చూసే వైద్యుణ్ణి తోటివాళ్ళే చిన్నచూపు చూసేవారు. ఇప్పుడు అమెరికాలో సగానికి పైగా పశువైద్యుల జీవనం ఆ కుక్కా పిల్లీ మీదే.

చట్టబద్ధమైన అధికారం లేని సంఘానికి ఇంత పలుకుబడి ఎలా వచ్చింది?

అసలు ప్రశ్న ఇదే. దీన్ని మాత్రం ఎవరూ అడగరు, నేనే వేసుకుంటున్నాను.

రాష్ట్ర బోర్డు లైసెన్సు ఇవ్వాలంటే ‘గుర్తింపు ఉన్న కళాశాలలో చదివి ఉండాలి’ అంటుంది. ఏ కళాశాలకు గుర్తింపు ఉందో తేల్చేది ఎవరు? ఏవీఎంఏలోని విద్యా మండలి. 1946 నుంచి ఈ పేరుతో పనిచేస్తోంది. కేంద్ర విద్యాశాఖ 1952లో ఈ మండలిని గుర్తించింది. బోర్డుది తాళం, సంఘానిది తాళంచెవి. చట్టంలో ఒక్క మాట మార్చకుండానే సంఘం చెప్పిన ప్రమాణం దేశమంతటికీ ప్రమాణమైంది.

మండలి సభ్యులు కళాశాలకు వచ్చారంటే పరీక్షా ఫలితాలు అడిగి వదిలేయరు. ఆసుపత్రికి ఏడాదికి ఎన్ని కేసులు వస్తున్నాయి, ఒక్కో విద్యార్థి చేతిమీదుగా ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయి, శవపరీక్ష గదిలో గాలి బయటికి ఎలా పోతోంది, అంటురోగం ఉన్న పశువును విడిగా కట్టేసే చోటు ఎక్కడుంది, అన్నీ చూస్తారు. లోపాలుంటే గడువిస్తారు. గడువులోగా సరిదిద్దకపోతే గుర్తింపు పోతుంది. అప్పుడు ఆ కళాశాలలో ఎవరు చేరతారు?

ఇందులో ఒక ఇరకాటం ఉంది. వృత్తిలోకి ఎవరు రావాలో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళే తేల్చడం న్యాయమేనా? పోటీ పెరగకూడదని తలుపు బిగించరని నమ్మకమేమిటి? ఈ మాట ఇక్కడ ఎన్నోసార్లు వచ్చింది. మండలి నిర్ణయాల్లో సంఘం పాలకవర్గం వేలు పెట్టకుండా గోడ కట్టామని వాళ్ళంటారు. గోడ ఉన్నమాట నిజం. ఇల్లు మాత్రం ఒకటే.

నేను తిరుపతిలో, లేదా రాజేంద్రనగర్‌లో చదివాను. అమెరికాలో వైద్యం చేయవచ్చా?

నేరుగా చేయడానికి లేదు. భారతదేశంలోని ఏ పశువైద్య కళాశాలకూ ఏవీఎంఏ గుర్తింపు లేదు. ఎడిన్‌బరో, సిడ్నీ, సియోల్, మెక్సికో నగరాల్లోని కొన్ని కళాశాలలకు ఉంది. మనం మరో దారిలో రావాలి.

ఆ దారి పేరు ఈసీఎఫ్‌వీజీ. విదేశాల్లో చదివిన పశువైద్యుల అర్హత తేల్చే కార్యక్రమం, ఏవీఎంఏ నడిపేదే. నాలుగు మెట్లు. ఒకటి, మీ పట్టా, మార్కుల పత్రాల పరిశీలన. రెండు, ఇంగ్లీషు పరీక్ష. మూడు, మౌలిక శాస్త్రాల మీద కంప్యూటర్ పరీక్ష. నాలుగోది చేతి పరీక్ష. మత్తు, శస్త్రచికిత్స, చిన్న జంతువుల వైద్యం, గుర్రాలు, పాడి పశువులు, ఎక్స్‌రే, శవపరీక్ష అని ఏడు విభాగాలు, వరసగా కొన్ని రోజులు. ఇవి కాక అమెరికా విద్యార్థులు కూడా రాసే లైసెన్సు పరీక్ష నావ్లీ ఉండనే ఉంది. పేవ్ అని ఇంకో పద్ధతి ఉంది. దాన్ని రాష్ట్ర బోర్డుల సమాఖ్య నడుపుతుంది, చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. మీరు వెళ్ళదలచుకున్న రాష్ట్రం ఏది అంగీకరిస్తుందో ముందు చూసుకోండి. మొత్తం ఖర్చు మన లెక్కలో లక్షల్లోకి వెళ్తుంది. రెండేళ్ళలో ముగించినవాళ్ళు అదృష్టవంతులు.

చేతి పరీక్షలో నేనొకసారి తప్పాను. ఎలా తప్పానో చెబితే మీకు పనికొస్తుంది. పాడి పశువుల విభాగంలో ఆవును బోనులో నిలబెట్టి చూడి పరీక్ష చేయమన్నారు. మోచేతి దాకా తొడుగు వేసుకుని చేయి పెట్టాను, నిమిషంలో చెప్పేశాను. సీమలో రోజుకు పాతిక గేదెల్ని చూసిన చేయి అది. పరీక్షకుడు కనుబొమలెత్తాడు. ఆ గర్వంతోనే మర్నాడు మత్తు విభాగానికి వెళ్ళాను.

మన దగ్గర పొలంలో పశువుకు మత్తంటే సూదిమందే. ఇక్కడ యంత్రం. గొట్టాల్లో లీకు లేదని తేల్చడానికి గాలి బయటికి పోయే కవాటాన్ని మూసి, సంచి నింపి, ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. చూశాను. బాగానే ఉంది. కుక్కను కలిపాను. మూసిన కవాటాన్ని తెరవలేదు. సంచి బెలూనులా ఉబ్బుతోంది, నేను మాత్రం కాగితం మీద గుండె వేగం రాసుకుంటున్నాను. నా భుజం మీదుగా ఒక చేయి వచ్చి ఆ మరను తిప్పింది. అంతే, ఆ విభాగం పోయింది. ఇంకో అరనిమిషం గడిస్తే కుక్క ఊపిరితిత్తులు పోయేవి. ఇప్పటికీ రోజూ యంత్రం పెట్టేటప్పుడు ‘తెరిచానా’ అని పైకే అనుకుంటాను. మా నర్సులు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. తప్పింది ఒక్కటే కాబట్టి దాన్నే మళ్ళీ రాశాను.

పరీక్ష కఠినం అని తిట్టుకునేవాళ్ళకు నేను ఈ కవాటం కథే చెబుతాను. ఫీజుల విషయంలో మాత్రం మీ తిట్లతో గొంతు కలుపుతాను.

సభ్యత్వం తీసుకుంటే ఏమొస్తుంది?

పత్రిక, ఏడాదికోసారి పెద్ద సమావేశం, శిక్షణ తరగతులు. 1962లో మొదలైన బీమా ట్రస్టు ద్వారా కేసులు పడినప్పుడు రక్షణ. వాషింగ్టన్‌లో మన తరఫున మాట్లాడే మనుషులు. విద్యార్థులకు విడిగా సంఘం ఉంది, తక్కువ రుసుముతో చేరవచ్చు.

వాషింగ్టన్ అన్నాను కాబట్టి ఒక ఉదాహరణ. నిద్రమాత్రలు, నొప్పి మందుల్లాంటి నియంత్రిత మందులను రిజిస్టరైన చిరునామా దాటి తీసుకెళ్ళకూడదని ఇక్కడ ఒక నియమం. మనుషుల డాక్టరుకు అది సమస్య కాదు, రోగి ఆసుపత్రికి వస్తాడు. విరిగిన కాలుతో పొలంలో పడి ఉన్న గుర్రం ఆసుపత్రికి నడిచి రాదు. అక్షరాలా పాటిస్తే పొలానికి మందు తీసుకెళ్ళిన ప్రతి పశువైద్యుడూ నేరస్థుడే. సంఘం వెంటపడి 2014లో చట్టం మార్పించింది.

దయామరణం గురించి సంఘం నియమాలు పెట్టిందట, నిజమేనా?

నిజం. 1963లో తొలి నివేదిక ఇచ్చింది. అప్పటినుంచి తిరగరాస్తూనే ఉన్నారు, 2020లోనూ ఒక కూర్పు వచ్చింది. ఏ జంతువుకు ఏ పద్ధతి ఆమోదయోగ్యం, ఏది కాదు, స్పృహ ఎంతసేపట్లో పోతుంది, చూసే యజమాని మనసు ఏమవుతుంది, సూది వేసే మనిషి మనసు ఏమవుతుంది, అన్నీ అందులో ఉంటాయి. పరిశోధనశాలలు, జంతుసంరక్షణ కేంద్రాలు, కొన్ని రాష్ట్రాల చట్టాలు దాన్నే ఆధారంగా తీసుకుంటాయి.

మనకు ఈ మాటే మింగుడుపడదు. గోశాల గేటు దగ్గర లేవలేని ఆవును దింపి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాం. అది ఒరుసుకుపోయిన తుంటితో పది రోజులు పడి ఉండి పోతుంది. ఆ పది రోజులూ మన కళ్ళ ముందు ఉండవు. అమెరికావాళ్ళు సూది వేయడంలో తొందరపడతారని నాకూ అనిపించిన సందర్భాలున్నాయి. అయినా ఆ పుస్తకంలో ‘బాధ’ అనే మాటను ఎంత సూక్ష్మంగా విడదీశారో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆడవాళ్ళు, నల్లజాతివాళ్ళు ఈ వృత్తిలోకి ఎప్పుడు వచ్చారు?

ఆలస్యంగా, కష్టంగా. 1910లో పట్టా పొందిన ఎలినార్ మెక్‌గ్రాత్ తొలి తరం మహిళల్లో ఒకరు. అప్పట్నుంచి లెక్కేస్తే సంఘానికి మహిళ అధ్యక్షురాలు కావడానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. 1996లో మేరీ బెత్ లైనింజర్. ఇప్పుడు కళాశాలల్లో ప్రతి అయిదుగురు విద్యార్థుల్లో సుమారు నలుగురు అమ్మాయిలే.

అలబామాలోని టస్కెగీలో నల్లజాతి విద్యార్థుల కోసం పశువైద్య కళాశాల 1945లో మొదలైంది. పెట్టింది ఫ్రెడరిక్ డగ్లస్ ప్యాటర్సన్, స్వయంగా పశువైద్యుడు. 1949లో ఆ కళాశాల నుంచి ఆల్ఫ్రెడా వెబ్, పెన్సిల్వేనియా నుంచి జేన్ హింటన్ పట్టా పుచ్చుకుని తొలి నల్లజాతి మహిళా పశువైద్యులయ్యారు. రంగు విషయంలో మాత్రం అమెరికాలోని చాలా వృత్తుల కన్నా ఇది ఇంకా వెనకబడే ఉంది. సమావేశ మందిరంలో కూర్చుంటే కంటికే తెలుస్తుంది.

సంఘాన్ని విమర్శించేవాళ్ళు లేరా?

లేకేం. లోపలివాళ్ళే ఎక్కువ.

జంతు సంక్షేమం మీద నెమ్మదిగా కదులుతుందనేది పాత ఫిర్యాదు. పట్టా తీసుకునే రోజున చేసే ప్రమాణంలో జంతువుల సంక్షేమం అనే మాట 2010లో గానీ చేరలేదు. 2020లో కరోనా వల్ల మాంసం కర్మాగారాలు ఆగి, ఫారాల్లో పందులు పేరుకుపోయినప్పుడు గాలి ఆపి, వేడి పెంచి మందలను చంపిన చోట్లున్నాయి. తప్పనిసరి పరిస్థితుల్లో, కొన్ని షరతులతో ఆ పద్ధతిని అనుమతించిన మార్గదర్శకం సంఘానిదే. చాలామంది పశువైద్యులు దాన్ని తీసేయాలని సంతకాలు చేశారు. నేనూ చేశాను. రుసుము కట్టే సభ్యుణ్ణి కాబట్టే చేశాను.

రెండో తగవు తాజాది. కొలరాడోలో 2024 నవంబరులో ఓటర్లు ఒక ప్రతిపాదనను గెలిపించారు. పశువైద్యుడి పర్యవేక్షణలో పనిచేసే మధ్యస్థాయి వృత్తినిపుణులను తయారు చేయాలన్నది దాని సారం. పల్లెల్లో వైద్యులు దొరకడం లేదు గనుక ఇది కావాలని ఒక వర్గం. అరకొర చదువుతో శస్త్రచికిత్సలు చేయిస్తారా అని ఏవీఎంఏ. సంఘం ఓడిపోయింది.

ఈ తగవు నాకు బాగా పరిచయం. మన భారత పశువైద్య మండలి చట్టంలో ముప్పయ్యో సెక్షన్ ఉంది. రిజిస్టరైన వైద్యుడే వైద్యం చేయాలంటూనే, వైద్యుడి పర్యవేక్షణలో ‘చిన్నపాటి సేవలు’ చేయడానికి డిప్లొమా ఉన్నవాళ్ళను రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు అంటుంది. ఆ చిన్నపాటి అనే మాట చుట్టూ ఎన్ని కోర్టు కేసులో. నేను పనిచేసిన మండలంలో కృత్రిమ గర్భధారణకు రైతు మొదట పిలిచేది గోపాలమిత్రనే, అంటే ఆ పనిలో శిక్షణ పొందిన ఊరి మనిషినే. అర్ధరాత్రి గేదె మాయ వేయకపోతే తలుపు తట్టేదీ అతన్నే. అతను చేయకూడని పని చేసిన రోజులున్నాయి. నేను చేరుకోలేని ఊళ్ళో గేదెను బతికించిన రోజులూ ఉన్నాయి. సంఘాలు మొదటి రోజుల లెక్క మాత్రమే రాసుకుంటాయి.

మన దగ్గర ఇలాంటి సంఘం లేదా?

ఉంది. భారత పశువైద్య సంఘం ఉంది. ‘ఇండియన్ వెటర్నరీ జర్నల్’ 1924 నుంచి మద్రాసు కేంద్రంగా వస్తోంది. మద్రాసు పశువైద్య కళాశాల 1903 నాటిది. హైదరాబాదులో 1946లో, తిరుపతిలో 1955లో కళాశాలలు వచ్చేదాకా ఆంధ్ర ప్రాంతం వాళ్ళు చాలావరకు చదివింది అక్కడే. చట్టం 1984లో, దాని కింద భారత పశువైద్య మండలి 1989లో వచ్చాయి. రిజిస్ట్రేషన్, పాఠ్యప్రణాళిక, కళాశాలల తనిఖీ ఆ మండలి పని.

తేడా ఎక్కడుందంటే, అమెరికాలో వైద్యుడు ముందు, సంఘం తర్వాత, ప్రభుత్వం ఆఖరున వచ్చాయి. 1863లో ఆ 40 మందికి జీతమిచ్చే యజమాని లేడు. తమ పేరు తామే నిలబెట్టుకోవాలి. మన దగ్గర ముందు వచ్చింది ప్రభుత్వ శాఖ. బ్రిటిషువాడికి రిసాలా గుర్రాలు కావాలి, ఆ తర్వాత రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారిని ఆపాలి. పశువైద్యుడు పుట్టుకతోనే సర్కారు ఉద్యోగి. ‘వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్’ అనే హోదాలో ఆ ‘అసిస్టెంట్’ ఇంకా అలాగే ఉంది, ఎవరికి అసిస్టెంటో ఇప్పటికీ అంతుచిక్కదు. అందుకే మన సంఘాల సభల్లో ఎజెండా తెరిస్తే పదోన్నతులు, బదిలీలు, మనుషుల డాక్టర్లతో సమాన వేతనం ముందుంటాయి. అవి న్యాయమైన కోరికలే, నేనూ ఆ సభల్లో చేయెత్తినవాణ్ణే. కానీ మత్తు యంత్రం ఎలా ఉండాలి, లేవలేని పశువును ఏం చేయాలి అనే చర్చ భోజనాల తర్వాతకు జరిగి, అప్పటికి కుర్చీలు ఖాళీ అవుతాయి.

మనవాళ్ళు చేతకానివాళ్ళని కాదు. మన దేశంలో రిండర్‌పెస్ట్ చివరి కేసు 1995లో కనిపించింది. 2011లో ప్రపంచమే దాన్నుంచి బయటపడ్డట్టు ప్రకటించారు. భూమి మీద నిర్మూలించిన రెండో వ్యాధి అది, మొదటిది మశూచి. ఊరూరా తిరిగి టీకాలు వేసిన మన పశువైద్యుల సైకిళ్ళు, మోటారు సైకిళ్ళ మీద సాధించిన గెలుపది. ఆ విజయానికి మన ఊళ్ళలో ఒక్క శిలాఫలకమైనా ఉందా?

నేను రైతుని. అమెరికా సంఘంతో నాకేం పని?

ఇది మా చిన్నాన్న ప్రశ్న. ఆయనకు నాలుగు గేదెలు. మొన్న ఫోనులో, ‘అబ్బాయ్, అక్కడ మందుల కొట్లో పొదుగువాపు ట్యూబు ఊరికే ఇవ్వరట గదా?’ అన్నాడు.

ఇవ్వరు. మనుషుల వైద్యంలోనూ వాడే యాంటీబయోటిక్ ఏదైనా సరే, 2023 జూన్ నుంచి పశువులకు వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. అంతకుముందు ఇక్కడ కూడా రైతుల సామాను కొట్టులో తాళ్ళ పక్కన పెన్సిలిన్ దొరికేది. ఏవీఎంఏ ఈ మార్పుకు మద్దతిచ్చింది. ఇస్తుంది మరి, చీటీ రాసేది తన సభ్యులే కదా అని చిన్నాన్న వెంటనే పట్టుకున్నాడు. ఆ మాటలో నిజముంది. కానీ ట్యూబు వేసిన పాలు కొన్ని రోజులపాటు కేంద్రంలో పోయకూడదని ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదన్నదీ నిజం. మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును 2006లో నిషేధించారు, ఆ మందు పడ్డ కళేబరాలు తిని అప్పటికే మన రాబందులు దాదాపు అంతరించాయి. కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను 2019లో నిషేధించారు. రెండుసార్లూ మందు ముందు ఊళ్ళోకి వచ్చింది, దాని గురించి చెప్పే మనిషి తర్వాత వచ్చాడు.

ఆ పాలు ఏం చేయాలని చిన్నాన్న అడిగాడు. పారబోయమన్నాను. ‘దూడకు పడితే?’ అన్నాడు. అదీ వద్దన్నాను. అవతల కాసేపు మాట లేదు.

ఇప్పుడే చదువు ముగిసింది, అమెరికా వైపు చూస్తున్నాను. మొదట ఏం చేయాలి?

విశ్వవిద్యాలయం కార్యాలయానికి వెళ్ళి మార్కుల పత్రాల గురించి అడగండి. ఈసీఎఫ్‌వీజీకి అవి విశ్వవిద్యాలయం నుంచే వెళ్ళాలి. మీ చేతిలో ఉన్న నకలు చెల్లదు. రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో చేసిన ప్రతి శస్త్రచికిత్సనూ తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఊళ్ళో ఉండగానే ఏదైనా ఆసుపత్రిలో మత్తు యంత్రం ఉంటే రెండు వారాలు దాని పక్కన నిలబడండి. విమానం ఎక్కాక అటెండరును బతిమాలి సంతకం తెప్పించుకోవడం మాత్రం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు.